పియాజే లెక్కలో మా చిన్నది పాస్, పెద్దది ఫెయిల్. తప్పు ఎవరిది?

డీఎస్సీ_అమ్మ

టెట్‌కూ డీఎస్సీకీ కలిపి చదువుతా ఉన్నా. పిల్లల ఆలోచన వయసుతో పాటు దశలు దశలుగా ఎదుగుతాదని చెప్పిన మనస్తత్వవేత్త పియాజే. శిశు వికాసంలో ఆయన దశలు మూడోసారి తిరగేస్తా ఉంటే, ఇంట్లోనే ఇద్దరు పిలకాయలు ఉన్నారు కదా, వాళ్ళ మీదే చూద్దామనిపించింది. అదే నేను చేసిన తప్పు.

నిన్న సాయంత్రం, తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంట్లో. వంటింటి గట్టు మీద ఒకే రకం స్టీలు గ్లాసులు రెండు పెట్టి సమానంగా మజ్జిగ పోశా. ఇద్దరినీ విడివిడిగా పిలిచి అడిగితే సమానమే అన్నారు. ఇంగ ఒక గ్లాసులోది మా మామ రాగిజావ తాగే పొడుగు గ్లాసులోకి వంచి, ఇప్పుడు దేంట్లో ఎక్కువ ఉంది అని అడిగా. చిన్నదానికి ఐదున్నర. "అదే మజ్జిగ కదమ్మా, నువ్వే కదా ఇప్పుడు పోసింది" అనేసి ఆడుకోను పోయింది. పెద్దదానికి ఎనిమిది నిండినాయి, మూడో తరగతి. అది గ్లాసు చూసింది, నా మొహం చూసింది, మళ్ళీ గ్లాసు చూసింది. "పొడుగుదాంట్లో ఎక్కువ" అంది.

పుస్తకంలో ఏముంది? 2–7 ఏళ్ళు పూర్వ ప్రచాలక దశ, పదిలపరచుకునే భావన, అంటే ఆకారం మారినా లోపలిది అంతే ఉంటాదన్న తెలివి, ఉండదు. 7–11 మూర్త ప్రచాలక దశ, అప్పుడు వస్తుంది. మా ఇంట్లో తలకిందులు. పెద్దది వెనకబడిందా? రాత్రి నిద్ర పట్టలా. మా అత్త అయితే "అంతంత ఫీజులు కట్టి పంపిస్తే మజ్జిగ కొలత కూడా తెలీదు" అంటా ఉండాది.

గ్రీమ్స్‌పేట_గిరి

అసలు ప్రశ్న ఎవరూ అడగలా. ఆఖరికి ఆ మజ్జిగ ఎవరు తాగినారు?

డీఎస్సీ_అమ్మ

మా మామ. రెండు గ్లాసులూ. "రెండూ సమానమే" అని తీర్పు కూడా చెప్పినాడు.

బీఎడ్_బాబాయ్

అమ్మా, నిద్ర మానుకోవాల్సిన సంగతి కాదిది. ఒక్కటి చెప్పు. ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగావా?

బళ్ళో టీచరు ఒక ప్రశ్న అడిగి, జవాబు విని, వెంటనే మళ్ళీ అదే అడిగితే అర్థమేమిటి? "తప్పు చెప్పావు, మార్చుకో" అని. మూడేళ్ళు బడికెళ్ళిన పిల్లకు ఈ మర్మం బాగా తెలుసు. ఇంకా ముదరని నీ చిన్నదానికి తెలియదు. పైగా నువ్వు "సమానమా కాదా" అని అడగలేదు, "దేంట్లో ఎక్కువ" అన్నావు. ఏదో ఒకదాంట్లో ఎక్కువ ఉందని నువ్వే చెప్పేసినట్టు.

ఇది నేను కల్పించింది కాదు. 1974లో మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ అని ఇద్దరు ఇదే అనుమానంతో ఒక ప్రయోగం చేశారు. రెండు వరసల్లో బిళ్ళలు సమానంగా పేర్చి, పెద్దవాళ్ళు కావాలని ఒక వరసను సర్దితే పిల్లలు "మారింది" అన్నారు. అదే ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి వరసను చెల్లాచెదరు చేసినట్టు నటిస్తే, నాలుగైదేళ్ళ పిల్లల్లో కూడా చాలామంది "అన్నే ఉన్నాయి" అన్నారు. పెద్దవాళ్ళు పనిగట్టుకుని ఏదైనా మారిస్తే దాని వెనక ఏదో ఉంటుందని పిల్లల నమ్మకం.

డీఎస్సీ_అమ్మ

రెండుసార్లు ఏంది సార్, "బాగా చూసి చెప్పు" అని మూడోసారి కూడా అడిగినా.

గ్రీమ్స్‌పేట_గిరి

మా ఆవిడ "ఈ చీర బాగుందా" అని రెండోసారి అడిగితే నేనూ జవాబు మార్చేస్తా. నాది ఏ దశ?

తోతాపురి

మాది బంగారుపాళెం పక్కన పల్లె. రెండు పాలావులు. మా వాడు ఆరేళ్ళప్పటి నుంచి వాళ్ళ జేజి వెంట పొద్దున్నే పాల సెంటరుకు పోయేవాడు. క్యానులో నుంచి చెంబులోకి, చెంబులో నుంచి కొలతలోకి, కొలతలో నుంచి బకెట్లోకి పోసేది రోజూ చూస్తాడు. వాణ్ణి పొడుగు గ్లాసుతో మోసం చేయడం మీ పియాజే వల్ల కూడా కాదు. అదే వాడికి "ఎర్రపూలు ఎక్కువా, మొత్తం పూలు ఎక్కువా" అంటే తికమకపడతాడు. చేతులో పడిన పని ముందు వస్తుంది, అంతే.

సైకాలజీ_పీజీ

తోతాపురి అన్నా, మీరు చెప్పిన దానికి సాక్ష్యం ఉంది. మెక్సికోలో కుండలు చేసేవాళ్ళ పిల్లల మీద 1969లో ఒక పరిశోధన వచ్చింది. మట్టిముద్దను సాగదీసినా మట్టి అంతే ఉంటుందన్నది ఆ పిల్లలు మిగతా పిల్లలకంటే బాగా పట్టుకున్నారు.

పియాజే కూడా ఈ హెచ్చుతగ్గులు గమనించాడు. ఒకే పిల్లకు సంఖ్య విషయంలో ముందు తెలుస్తుంది, పదార్థం విషయంలో తర్వాత, బరువు ఇంకా తర్వాత, ఘనపరిమాణం అన్నిటికన్నా ఆఖరున. ఏడో పుట్టినరోజు కేకు కోయగానే అన్నీ ఒక్కసారి రావు.

కోచింగ్_కుర్రాడు

అందరికీ ఒక దండం. అక్కా, పరీక్షలో "పదిలపరచుకునే భావన ఏ దశలో ఏర్పడును" అని వస్తుంది. మూర్త ప్రచాలక, 7–11. గుండ్రం దిద్దు, తర్వాత ప్రశ్నకు పో. మెక్సికో కుండలు అక్కడ పగలగొట్టొద్దు. మీ పాపకు తెలుసా లేదా అన్నది బిట్టు కాదు.

బీఎడ్_బాబాయ్

కుర్రాడూ, నువ్వు చెప్పింది పరీక్ష వరకు సరే. ఇంటికొచ్చే గొడవ ఇంకోటి. ముప్పై ఏళ్ళు ఈ పాఠమే చెప్పాను. వయసుల పట్టికను జనం రైల్వే టైంటేబుల్ లాగా చదువుతారు. బండి రాకపోతే బిడ్డ లేటు అంటారు.

అలిపిరి నుంచి నడిచి వెళ్ళేవాళ్ళని చూడండి. 3550 మెట్లు. గాలిగోపురం దాటకుండా మోకాళ్ళ పర్వతం రాదు. ఇరవై ఏళ్ళ కుర్రాడు రెండు గంటల్లో వెళ్తాడు, మోకాళ్ళ నొప్పులావిడ ఆరు గంటలు తీసుకుంటుంది. వరస ఎవరికీ మారదు, టైము ఎవరిది వాళ్ళదే. పియాజే పట్టుబట్టింది ఆ వరస మీద. వయసులు సుమారుగా ఇచ్చాడు. పసితనం గురించి ఆయన పరిశీలనలు సొంత పిల్లలు ముగ్గురి మీదే కదా.

తోతాపురి

వరస కూడా అంత గట్టిదేమీ కాదు సార్. మెట్టు ఎక్కినోడు దిగడా? మా వాడు లెక్కల్లో పెద్దమనిషి మాదిరి మాట్లాడతాడు, కుర్చీ కాలికి తగిలితే కుర్చీని కొడతాడు. ఒకే గంటలో రెండు దశలు.

గ్రీమ్స్‌పేట_గిరి

నాకు నలభై మూడు. బండి స్టార్టు కాకపోతే తంతా.

ఘాట్‌రోడ్డు

ఈ చర్చంతా పిల్లల మీదే జరుగుతా ఉంది. నాది వేరే గోడు, వేరే దారం తెరవమంటే తెరుస్తా.

మా నాయన 32 ఏళ్ళు బస్సు నడిపినాడు, అందులో సగం కొండ మీదికే. రిటైరై నాలుగేళ్ళు. రోజూ రాత్రి సంగటి ముద్ద పళ్ళెంలో పడంగానే ఒకే కథ. వానాకాలం, రాత్రి, కొండ దిగే దారి, బస్సులో నలభై మంది. మలుపు తిరగంగానే రోడ్డు మీద బండరాయి. బ్రేకు కొట్టి నిలిపినాడు. టార్చి పట్టుకుని అందర్నీ ఒక్కొక్కరిగా అవతలికి దాటించినాడు. ఆఖరి మాట ఎప్పుడూ ఒకటే: "ఆ పొద్దు నేను హారన్ కూడా కొట్టలేదురా."

నాలుగేళ్ళుగా ఇదే. మాట మారదు, ఎక్కడ ఆగుతాడో అది కూడా మారదు. నా పెళ్ళాం పాపం ఊ కొడతాది. నేను మొన్న "తెలుసులే నాయనా" అనేసినా. అప్పటి నుంచి రెండు రోజులు చెప్పలా. చెప్పకపోతే అది ఇంకా బాధగా ఉంది. ఆయనది ఏ దశ? పద్దెనిమిదేళ్ళతో మీ పుస్తకం అయిపోతాదా?

కోచింగ్_కుర్రాడు

టెట్ సిలబస్‌లో కౌమారంతో అయిపోతుందన్నా. ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త మాత్రం మనిషి బతుకంతటికీ ఎనిమిదో దశ దాకా ఇచ్చాడు. సమగ్రత–నిరాశ. 65 పైన.

కపిలతీర్థం_వాకర్

నాకు 71. నన్ను ఎనిమిదో దశలో వేసినందుకు ధన్యవాదాలు.

ఘాట్‌రోడ్డు తమ్ముడూ, ఒకే కథ చెప్పేవాడు మరిచిపోయి చెప్తాడని మీ వయసువాళ్ళు అనుకుంటారు. నేనూ చెప్తాను, మా మనవరాళ్ళు కళ్ళు తిప్పుకుంటారు, అది నాకు కనబడుతుంది. అయినా చెప్తాను. ఆ కథలో నేను పనికొచ్చిన మనిషిని. ఇప్పుడు గ్యాస్ బుక్ చెయ్యడానికి కూడా మనవణ్ణి అడగాలి.

సైకాలజీ_పీజీ

పెద్దాయన చెప్పింది మా సిలబస్‌లో ఉన్నదే. రాబర్ట్ బట్లర్ అనే మానసిక వైద్యుడు 1963లో దీని గురించి రాశాడు. అప్పటిదాకా ముసలివాళ్ళు పాత సంగతులు తవ్వుకోవడం బుర్ర మందగించిన గుర్తు అనుకునేవాళ్ళు. ఆయన అది కాదన్నాడు. ప్రాణం పోయే రోజు దగ్గరికొస్తోందని తెలిసిన మనిషి తన బతుకును ఒకసారి తిరగేసి లెక్క చూసుకుంటాడు, తెగని ముడులు పైకి వస్తాయి, అది సహజమైన పని అన్నాడు. ఎరిక్సన్ ఎనిమిదో దశలోని చిక్కు కూడా ఇదే. నా బతుకు ఇలా గడిచింది, ఫరవాలేదు అనుకోగలడా, లేక ఇంకోలా బతికి ఉంటే అని కుమిలిపోతాడా?

ఎరిక్సన్‌కు ఈ ప్రశ్నలు ఊరికే రాలేదు. కన్నతండ్రి ఎవరో ఆయనకు జీవితాంతం తెలియలేదు. మారుతండ్రి ఇంటిపేరు హోంబర్గర్‌తో పెరిగాడు. 1939లో అమెరికా పౌరసత్వం తీసుకుంటూ ఎరిక్సన్ అని తన పేరు తానే పెట్టుకున్నాడు. డిగ్రీ కూడా లేదు. "నేనెవర్ని" అన్న ప్రశ్నను ఆయన అంత దూరం లాగాడంటే కారణం ఉంది.

ఒక జాగ్రత్త మాత్రం. పాత కథ మళ్ళీ చెప్పడం వేరు. పొద్దున తిన్నది మరిచిపోవడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, నిమిషం క్రితం అడిగింది మళ్ళీ అడగడం వేరు. అలాంటివి కనిపిస్తే డాక్టరుకు చూపించాలన్నా.

ఘాట్‌రోడ్డు

అట్లాంటివేమీ లేవు. కూరగాయల లెక్క నాకంటే బాగా చెప్తాడు.

గ్రీమ్స్‌పేట_గిరి

నాకు ఒకటి అర్థం కాదు. ముసలాయన కథ చెప్తే దానికో పేరు, పిల్ల మజ్జిగ చూస్తే దానికో పేరు. మా తాత కాలంలో ఇవేమీ లేకుండానే అందరూ పెరిగినారు, ముసలోళ్ళయినారు, పోయినారు.

కపిలతీర్థం_వాకర్

మీ తాత కాలంలో వీధి అరుగు ఉండేది. కథ వినేవాళ్ళు పదిమంది ఉండేవాళ్ళు. ఇప్పుడు వినడానికి ఒక్క కొడుకు, వాడి చేతిలో ఫోను.

ఇంకో ముక్క. ముసలితనమంటే అంతా తరుగుదలే కాదు. ఫోన్లో కొత్త యాప్ పెడితే నాకు రోజంతా పడుతుంది, పదో తరగతి మనవడికి రెండు నిమిషాలు. అదే ఆదివారం పదకేళిలో వాడు నాలుగు గళ్ళు నింపేలోపు నేను పూర్తిచేస్తా.

సైకాలజీ_పీజీ

సరిగ్గా ఇదే కాటెల్ అనే మనస్తత్వవేత్త చెప్పింది. కొత్త చిక్కును చకచకా విడదీసే తెలివి ఒకటి, చదువుతో అనుభవంతో పోగయ్యే తెలివి ఒకటి. మొదటిది యవ్వనం దాటాక మెల్లగా తగ్గుతుంది. రెండోది చాలాకాలం నిలుస్తుంది, పెరుగుతుంది కూడా.

పెద్దాయనా, మీరు ఇప్పటికీ కొండ నడుస్తారా?

కపిలతీర్థం_వాకర్

ఒకప్పుడు వారం వారం. ఇప్పుడు నెలకొకసారి. ఆ నెలంతా పొద్దున్నే కపిలతీర్థం దాకా నడిచి కాళ్ళు సిద్ధం చేసుకుంటాను. మోకాలికి పట్టీ, చేతికి కర్ర, గాలిగోపురం దగ్గర అరగంట కూర్చోవడం. పైకి మాత్రం వెళ్తాను.

సైకాలజీ_పీజీ

బాల్టెస్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇదే విషయానికి రూబిన్‌స్టైన్ అనే పియానో విద్వాంసుడి ఉదాహరణ ఇస్తాడు. ఎనభై ఏళ్ళ వయసులో అంత బాగా ఎలా వాయిస్తున్నారంటే, తక్కువ రచనలు ఎంచుకుంటాను, వాటినే ఎక్కువ సాధన చేస్తాను, వేగంగా వాయించాల్సిన చోటు వచ్చే ముందు కాస్త నెమ్మదిస్తాను, అప్పుడు వేగం ఇంకా వేగంగా వినిపిస్తుంది అన్నాడట. నెలకొకసారి, రోజూ నడక, కర్ర. తక్కువ ఎంచుకోవడం, ఎక్కువ సాధన, లోటును సర్దుకోవడం, మూడింటికి మూడూ మీరు దించేశారు.

వారానికోసారి_అమ్మ

చాలా రోజులుగా చదివి పోతా ఉన్నా, ఎప్పుడూ రాయలేదు.

నాది శ్రీసిటీలో షిఫ్టు ఉద్యోగం, ఆయనదీ అక్కడే. పాపకు 14 నెలలు. చిత్తూరులో, కట్టమంచిలో మా అమ్మ దగ్గర పెరుగుతా ఉంది. శనివారం రాత్రి పోతాం, ఆదివారం సాయంత్రం బస్సు ఎక్కుతాం. మొదట్లో పోయేటప్పుడు ఏడ్చేది. ఇప్పుడు ఏడవడంలేదు. అవ్వ కొంగు పట్టుకుని చెయ్యి ఊపుతాది. ఆ ఊపడం చూసి బస్సులో నేనే ఏడుస్తా.

ఒక వీడియోలో చూశా, తల్లి పోతే ఏడవని బిడ్డకు తల్లితో బంధం సరిగా లేదని. ఐన్స్‌వర్త్ అని ఎవరో కనిపెట్టిందట. నిజమేనా?

మెట్టినిల్లు

ఉద్యోగం మానెయ్యమ్మా. డబ్బు ఎప్పుడైనా వస్తుంది, బిడ్డ చిన్నతనం రాదు.

తోతాపురి

ఆ ఉద్యోగం మీరు కట్టే ఈఎంఐకి మానెయ్యమన్నారా, వాళ్ళ ఈఎంఐకా? వాళ్ళాయన్ని మానెయ్యమని ఒక్కరూ అనరు చూడండి.

బీఎడ్_బాబాయ్

తల్లీ, ఆ వీడియో సగం చెప్పి వదిలేసింది. మేరీ ఐన్స్‌వర్త్ పరీక్షలో తల్లి గది బయటకు పోయి మళ్ళీ లోపలికి వస్తుంది. ఎక్కువగా చూసేది పోయినప్పుడు ఏడ్చిందా అన్నది కాదు, తిరిగి వచ్చినప్పుడు బిడ్డ ఏం చేసిందన్నది. తెలియని గదిలో, తెలియని మనిషి ముందు, సుమారు ఇరవై నిమిషాలు, చూడ్డం నేర్చినవాళ్ళు చూస్తారు. సొంత అమ్మమ్మ చంకలో ఉన్న బిడ్డ చెయ్యి ఊపడం ఆ పరీక్షే కాదు.

జపాన్‌లో అదే పరీక్ష పెడితే పిల్లలు విపరీతంగా ఏడ్చారు. అక్కడ పసిబిడ్డను ఒంటరిగా వదిలే అలవాటు లేదు కాబట్టి వాళ్ళకు అది మరీ పెద్ద భయం. ఊరు మారితే అదే ఏడుపుకు అర్థం మారుతుంది.

సైకాలజీ_పీజీ

ఇంకొకటి అక్కా. 1964లో గ్లాస్గోలో షాఫర్, ఎమర్సన్ అనేవాళ్ళు 60 మంది పసిబిడ్డల ఇళ్ళకు పదే పదే వెళ్ళి చూశారు. ఏడాదిన్నర వచ్చేసరికి ఎక్కువమంది పిల్లలకు ఒకరికంటే ఎక్కువమందితో గట్టి బంధం ఉంది. నాన్న, అవ్వ, తాత, పక్కింటావిడ. ఎక్కువసేపు దగ్గరున్నవాళ్ళ కంటే, బిడ్డ పిలుపుకు పలికినవాళ్ళతో బంధం గట్టిగా ఉంది.

శనివారం మీరు పోగానే పాప ఏం చేస్తుంది?

వారానికోసారి_అమ్మ

మొదట అవ్వ వెనక దాక్కుంటాది. ఐదు నిమిషాలు. తర్వాత నా మెడలో గొలుసు పట్టుకుంటాది. నిద్రపోయేదాకా వదలదు.

కపిలతీర్థం_వాకర్

ఇంక వీడియో చూడకమ్మా.

గ్రీమ్స్‌పేట_గిరి

ఈ దారంలో మొదటిసారి నా దగ్గర జోకు లేదు.

కోచింగ్_కుర్రాడు

అందరూ మాట్లాడుతున్నారు, మా వయసు గురించి ఎవరూ మాట్లాడరు. పదో తరగతి ఫలితాలు వచ్చిన సాయంత్రం మా నాన్న ఎంపీసీ అన్నాడు. నన్ను అడగలేదు. ఇంటర్, ఇంజినీరింగ్, రెండేళ్ళు ఖాళీ, ఇప్పుడు 25 ఏళ్ళకు బీఎడ్, డీఎస్సీ. నాకు ఏది ఇష్టమో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. ఎరిక్సన్ దశల్లో పాత్ర గుర్తింపు, అంటే నేనెవర్ని అని తేల్చుకోవడం, 12–18 అని బిట్టు చదివిన ప్రతిసారీ నాకు నవ్వొస్తుంది.

సైకాలజీ_పీజీ

మార్షియా అనే మనస్తత్వవేత్త 1966లో దీన్ని నాలుగు రకాలుగా విడగొట్టాడు. వెతకనూ లేదు, తేల్చుకోనూ లేదు, అదొకటి. వెతకకుండానే పెద్దవాళ్ళు ఇచ్చింది తగిలించుకోవడం ఒకటి. ఇంకా వెతుకుతూ ఉండటం ఒకటి. వెతికి తేల్చుకోవడం ఒకటి. నువ్వు రెండోదాంట్లోంచి మూడోదాంట్లోకి వచ్చావు తమ్ముడూ. ఒకసారి మీ నాన్నకు చూపించు.

కోచింగ్_కుర్రాడు

చూపిస్తే ఐదోది కనిపెడతాడు.

తోతాపురి

తిరుపతోళ్ళకు ఏడాదికి వారం రోజులు వెతుక్కునే అవకాశం ఉంది కదా. గంగ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, మాతంగి వేషం. మీసాలున్న మగోడు చీర కట్టుకుని జడ వేసుకుని వీధిలో పోతే ఎవరూ ఏమనరు. మా బామ్మర్ది ఏడాదంతా నోరు మెదపడు, బండ వేషంలో ఊరంతా తిడతాడు. అసలు మనిషి ఎవరో మాకు ఇంతవరకూ తేలలా.

డీఎస్సీ_అమ్మ

నాలుగు రోజులు మాయమైనా, తిట్టుకోవద్దు. బీఎడ్ బాబాయ్ సార్ చెప్పినట్టు మళ్ళీ చేసినా.

ఈసారి నేను ముట్టుకోలేదు. మా మామ మజ్జిగ గ్లాసు తీసుకుంటా, "అయ్యో, ఈ గ్లాసు కారతా ఉందే" అని తనకు తానే పొడుగు గ్లాసులోకి వంచేసుకున్నాడు. మంచి నటుడు. నేను ఏమీ తెలీనట్టు "తాతకు ఎక్కువ పోయిందా, సమానంగానే ఉందా" అన్నా. పెద్దది పుస్తకంలోంచి తల కూడా ఎత్తలా. "అంతే ఉంది, గ్లాసే కదా మారింది" అంది. మరి మొన్న ఎందుకట్లా చెప్పినావే అంటే, "నువ్వు మళ్ళీ మళ్ళీ అడిగితే తప్పు చెప్పినానేమో అనుకున్నా" అంది. మా అత్తకు వినపడేట్టు ఇంకోసారి చెప్పించినా.

ఇంకో విషయం. రాత్రి రెండు సంగటి ముద్దలు ఒకే సైజువి చేసి, చిన్నదాని ముందు ఒకదాన్ని చపాతి మాదిరి వత్తినా. మజ్జిగప్పుడు అంత తెలివిగా మాట్లాడిన పిల్ల, "వత్తింది పెద్దది, నాకొద్దు, అక్కకు పెట్టు" అంది. తినేది తగ్గించుకోవడానికి అన్నదో, నిజంగానే అనుకున్నదో తెలీలా.

బీఎడ్_బాబాయ్

సంగటి తప్పించుకోవడానికి పిల్లలు ఏ దశలోనైనా ఏదైనా చెప్తారు. ఆ ప్రయోగం మైసూర్‌పాకుతో మళ్ళీ చెయ్యి.

ఘాట్‌రోడ్డు

నిన్న రాత్రి నేనే అడిగినా. "నాయనా, ఆ పొద్దు హారన్ ఎందుకు కొట్టలా" అని. ఇన్నేళ్ళలో ఆ ఒక్క ముక్క ఎవరమూ అడగలా.

చెయ్యి కడుక్కోకుండా అట్లే కూర్చున్నాడు. తర్వాత చెప్పినాడు. "చేతులు స్టీరింగు మీంచి రాలేదురా. వణుకుతా ఉండినాయి. కొట్టాలనే అనుకున్నా, చెయ్యి లేవలా. వెనకాల జనం, డ్రైవరు ఎంత నిబ్బరంగా ఉన్నాడో అనుకున్నారు."

నాలుగేళ్ళుగా ఆ కథ ధైర్యం గురించి అనుకున్నా నేను.

కపిలతీర్థం_వాకర్

ఈ రోజు మళ్ళీ చెప్పాడా?

ఘాట్‌రోడ్డు

లేదు. ఈ రోజు వేరేది చెప్పినాడు. ట్రైనింగులో మొదటి రోజు గేరు పడక బస్సు వెనక్కి పోయిన కథ. నేను ఎప్పుడూ వినలా.

కోచింగ్_కుర్రాడు

అక్కా, అంతా అయ్యాక ఒక్క మాట. పరీక్షలో 7–11 పెట్టు.

డీఎస్సీ_అమ్మ

పెడతా తమ్ముడూ. మా పెద్దది కూడా అదే చెప్పింది: "వాళ్ళు ఎన్నిసార్లు అడిగినా మార్చొద్దమ్మా."